తేదీ వెయ్యని కార్డు

చందానగర్,
12-6-1977

పూజ్యురాలైన అత్తయ్యకు నాగేశ్వరి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, బుల్లిబాబు మామయ్య, రత్నమాలత్త క్షేమమని తలుస్తాను.

బెజవాడ నుంచి సామాను దించుకుని పది రోజులైంది. మీ అల్లుడుగారికి ఫ్యాక్టరీ బస్సు ఇంటి దగ్గరే ఆగుతుంది. బొంబాయి రోడ్డు మీదికి నాలుగడుగులు. రామచంద్రంగారని ఇక్కడి ఆయన ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అద్దె అంటే ఇక్కడ ఎవరికీ ఎక్కదు, కిరాయి అనాలి. ఆయన భార్య రుక్కమ్మ మంచి మనిషి. మొదటి రోజే పాపని ఎత్తుకుని పోయి జొన్నరొట్టె తినిపించింది. ఆవిడ మాట నాకు సగం అర్థమవుతుంది, నా మాట ఆవిడకి సగం అర్థమవుతుంది, మొత్తం మీద సరిపోతోంది.

ఊరి చుట్టూ బండరాళ్ళు. గచ్చిబౌలి వైపు పోతే మనిషి కనపడడట, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాళ్ళూ, గొర్రెలూ తప్ప. సముద్రం లేదు, గోదావరి లేదు, కృష్ణ లేదు. నాన్న పోయాక నువ్వే నాకు అమ్మా నాన్నా అయి బెంగపెట్టుకుంటున్నావు కదా, ఇక నీకు ఆ బెంగ అక్కర్లేదు. ఇక్కడ మనల్ని ఏ గాలివానా ఏమీ చెయ్యదు.

నీ మేనకోడలు,
నాగేశ్వరి

*

గుల్లలంక, దివిసీమ,
21-6-1977

చిరంజీవి సౌభాగ్యవతి నాగేశ్వరిని బాలాత్రిపురసుందరి దీవించి రాయునది.

నీ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. "క్షేమమని తలుస్తాను" అంటావా? నువ్వు తలిస్తే నేను క్షేమంగా ఉంటానా? అరవై తొమ్మిది మే గాలివానలో మీ నాన్న కూడా పద్దెనిమిది రోజులు తలుస్తూనే ఉన్నాడు. తంతి స్తంభాలు పడిపోయాయి, రోడ్లు తెగిపోయాయి, నేను బతికే ఉన్నానని రాసిన ఉత్తరం పద్దెనిమిదో రోజున చేరింది. ఈలోగా వాడు బందరు ఆసుపత్రిలో గుడ్డ కప్పిన ప్రతి ఆడమనిషి ముఖం మీదా గుడ్డ తీసి చూశాడు. చెల్లెలు దొరికింది కానీ వాడికి మళ్ళీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ఏడాది తిరక్కుండా పోయాడు. గాలివాన నా కొబ్బరిచెట్లని పడగొట్టింది. మా అన్నని చంపింది మాత్రం అందని ఉత్తరం.

అందుకని నా పెట్టెలో అన్నిటికన్నా పైన కార్డులు ఉంటాయి. మిగతావి నీకు తెలుసు. మూత బిగించిన సీసాలో అగ్గిపెట్టెలు, అటుకులు, బెల్లం, లాంతరు, గొడ్డలి, పన్నెండు బారల మోకు. గాలి మొదలయితే పశువుల పలుపులు ముందు విప్పెయ్యాలి, అది మర్చిపోయినవాళ్ళు ఆ తర్వాత తిండి తినలేరు. ప్రతి అమావాస్యకీ ఇంట్లోవాళ్ళందరం పెట్టె మోసుకుని డాబా ఎక్కుతాం. నా మరిది, మీ బుల్లిబాబు మామయ్య, దీనికి డాబాయాత్ర అని పేరు పెట్టాడు. ఊరు నన్ను గాలివాన సుందరమ్మ అంటోంది. అననీ. నాకు ఆ పేరు బాగానే ఉంది.

కార్డు సంగతి విను. నీ అడ్రసు రాసి, "అందరం క్షేమం" అని రాసి, మైనం గుడ్డలో చుట్టి పెట్టాను. తేదీ మాత్రం వెయ్యలేదు. ఆపద గడిచాక బతికి ఉన్న చెయ్యి తేదీ వేసి, ఏ దిక్కుకి ఎవరు పోతుంటే వాళ్ళ చేతిలో పెడుతుంది. నా చేతి తేదీ ఉంటే నేను ఉన్నట్టు. గుర్తుపెట్టుకో.

సముద్రం లేదంటావు. నీళ్ళు సముద్రంలోనే ఉంటాయని నీకు ఎవరు చెప్పారు? మీ ఊళ్ళో చెరువు ఉందా? మీ ఇల్లు కట్టకి ఎగువనా, దిగువనా? పైకెక్కడానికి మెట్లున్నాయా? ఇవి చూసి రాయి. అప్పుడు క్షేమం అని రాద్దువుగాని.

రైల్వే పార్సిల్లో మోకు ఒకటి పంపుతున్నాను.

ఆశీస్సులతో,
అత్తయ్య

*

చందానగర్,
20-8-1977

అత్తయ్యకు నమస్కారాలు.

క్షేమం అని రాయను, నువ్వు తిడతావు. కానీ పరువు మాత్రం క్షేమంగా లేదు.

నువ్వు అడిగినవన్నీ చూశాను. చెరువు ఉంది. మన ఇల్లు కట్టకి దిగువనే. ఇంటికి మెట్లు లేవు. రామచంద్రంగారిని అడిగితే, మిద్దె మీద ఏమున్నదమ్మా, ఎండ తప్ప అని నవ్వారు. నేను ఊరుకోలేదు. వెదురు నిచ్చెన ఒకటి చేయించి గోడకి ఆనించాను. పెట్టె సర్దాను. కార్డు కూడా రాసి పెట్టాను, తేదీ లేకుండా.

పోయిన వారం మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. నాలుగో రోజు పొద్దున వెలిసింది. నేను బియ్యం ఏరుతున్నాను. రుక్కమ్మ గుమ్మంలోకి వచ్చి, "నాగేశ్వరమ్మా, చెరువు మత్తడి దుంకుతున్నది, జర జల్ది రా" అంది.

అత్తయ్యా, నాకు చెరువు అన్నదీ, దుంకుతున్నది అన్నదీ వినపడ్డాయి. మత్తడి ఏమిటో తెలియదు. కట్ట తెగి చెరువు ఊరి మీదికి దూకుతోంది అనుకున్నాను. పాపని చంకనేసుకుని నిచ్చెన ఎక్కేశాను. మళ్ళీ దిగి పెట్టె పైకి లాగాను. పాప నడుముకి నీ మోకు కట్టి రెండో కొస పిట్టగోడకి బిగించాను. ఎక్కండి, ఎక్కండి, పిల్లల్ని ఎత్తుకోండి అని వీధంతా వినపడేటట్టు అరిచాను.

వీధిలో ఆడవాళ్ళందరూ కొత్త చీరలు కట్టుకుని పళ్ళేల్లో పసుపు కుంకుమ పట్టుకుని నిలబడి నన్ను చూస్తున్నారు. మత్తడి అంటే మన కలుజట. చెరువు నిండి ఎక్కువ నీళ్ళు బయటికి పారే చోటు. అది దుంకిందంటే ఆ ఏడు పంటకి ఢోకా లేదని పండగ చేసుకుంటారట. రుక్కమ్మ నవ్వి నవ్వి కూలబడింది. పాప కూడా నవ్వింది, తాడు ఊపుకుంటూ.

ఆ దారినే వెళుతున్న ఫ్యాక్టరీ వాళ్ళు ఇద్దరు చూశారు. మర్నాడు మీ అల్లుడుగారు ఇంటికి వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉంది. మీ అత్తయ్య భయం మన ఇంటికి తపాలాలో వస్తోంది అన్నారు. పెట్టె, మోకు అటకెక్కించేశారు. నిచ్చెన రామచంద్రంగారు చిక్కుడుపాదుకి వాడుకుంటున్నారు.

నాకు కూడా సిగ్గుగానే ఉంది. అందుకని మళ్ళీ దించమని అడగలేదు.

నీ నాగేశ్వరి

*

చందానగర్,
9-10-1977

అత్తయ్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక ఏడు వారాలు. నా ఉత్తరం చూసి కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. ఆయన మాట నేను రాయకుండా ఉండాల్సింది. రాశాక, అది నా మాట కాదు అని కూడా రాయలేదు. అదే నా తప్పు.

కోపం వస్తే తిట్టు. నీ తిట్లు నాకు అలవాటే. ఊరుకోవద్దు. నాన్నకి పద్దెనిమిది రోజులే ఆ గతి పట్టించాయని నువ్వే రాశావు, నాకు యాభై రోజులైంది.

ఆయనకి కూడా మనసులో ఉంది. మీ అత్తయ్యని కార్తీకం వెళ్ళేదాకా ఇక్కడ ఉంచుకుందాం, గాలివానల కాలం దాటాక పంపిద్దాం అని నిన్న ఆయనే అన్నారు. నువ్వు వస్తానంటే రైల్వే స్టేషనుకి తనే వస్తారట. ఇక్కడ నీకు భయం ఉండదు. హాయిగా పడుకోవచ్చు. ఆ ఇల్లు బుల్లిబాబు మామయ్య చూసుకుంటాడు. వచ్చెయ్యి.

నీ జవాబు కోసం రోజూ తపాలావాడి సైకిలు బెల్లు వింటున్నాను.

నాగేశ్వరి

*

గుల్లలంక,
14-11-1977

చిరంజీవి నాగేశ్వరికి,

ముందు మీ మామయ్యని నాలుగు తిట్టి తర్వాత నీ దగ్గరికి వస్తాను. ఆగస్టు ఆఖర్లోనే నీకు నాలుగు పేజీలు రాసి, పోస్టు చెయ్యమని వీడికి ఇచ్చాను. దీపావళి అమావాస్యకి చొక్కాలు ఉతుకుతుంటే రత్నమాలకి జేబులో తడిసి పేడముద్దలా దొరికింది. అడిగితే, వదినా, నీ డాబాయాత్రల్లో పడి మర్చిపోయాను అన్నాడు. రెండు నెలలుగా నువ్వు ఆ ఉత్తరానికి జవాబు రాయలేదని, పైగా అసలు అందనే లేదని రాస్తున్నావని నేను ఉడికిపోతున్నాను. నేను రాయలేదని నువ్వు అక్కడ ఏడుస్తున్నావు. ఇద్దరి మధ్యా వాడి చొక్కా.

ఆ నాలుగు పేజీల్లో ఉన్నది ఒకటే ప్రశ్న. అటక మీద నుంచి పెట్టె దించావా?

వీధి నవ్విందని సిగ్గుపడ్డావు. నాకు మాత్రం పొగరెక్కింది. చెరువు అని వినపడగానే నా మేనకోడలు బియ్యం చాట వదిలేసి పిల్లని ఎత్తుకుంది, తాడు కట్టింది, తను దాక్కోకుండా వీధి వీధినంతా పిలిచింది. తప్పు పడింది మత్తడి అన్న మాట దగ్గర. పని దగ్గర ఒక్క తప్పూ లేదు. నవ్వినవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ నిచ్చెన లేదు కదా. ఎవరు సిగ్గుపడాలో నువ్వే చెప్పు.

ఇక రమ్మన్న సంగతి. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు, ఆయన మనసు మంచిది. రాను. నాకు భయం ఉండదని రాశావు. నాకు భయం ఇక్కడ కూడా లేదే. పారిపోయేవాళ్ళు పెట్టె సర్దుకుని స్టేషనుకి పోతారు. నేను పెట్టె సర్దుకునేది ఇక్కడే ఉండటానికి. ఈ ఊళ్ళో డాబా నాది ఒక్కటే. మిగతావన్నీ తాటాకు ఇళ్ళు. గాలి లేచిన రోజున తలుపు తాళం వేసి, సుందరమ్మ హైదరాబాదులో హాయిగా పడుకుంది అనిపించుకోమంటావా? సముద్రం వస్తే రానీ. డాబా మీద నేను ఉంటాను.

దీపావళి నాడు కూడా అందరినీ ఎక్కించాను. మీ మామయ్య పైనే చిచ్చుబుడ్లు కాల్చాడు.

పెట్టె దించు. దించి రాయి.

అత్తయ్య

*

చందానగర్,
4-12-1977

అత్తయ్యకు,
సహాయ శిబిరం, అవనిగడ్డ

ఈ ఉత్తరం నీకే రాస్తున్నాను. నువ్వు చదువుతావనే రాస్తున్నాను.

నీ ఉత్తరం పందొమ్మిదో తారీఖు శనివారం మధ్యాహ్నం వచ్చింది. అది చదివి నేను నవ్వుకుంటున్న వేళకే అక్కడ సముద్రం లేచిందని మర్నాడు రేడియోలో చెప్పారు. పెట్టె ఎవరు దించారో తెలుసా, ఆయన. రేడియో ఆపేసి, స్టూలు వేసుకుని అటకెక్కి దించారు. దించి దాని పక్కనే కూర్చున్నారు.

ఇరవై ఎనిమిదిన పెదనాన్న విశ్వేశ్వరరావు దగ్గర్నుంచి తంతి. గుల్లలంక లేదు, సుందరి లేదు, స్నానం చెయ్యండి అని. మీ అల్లుడుగారు బావిలో నీళ్ళు తోడి గుమ్మం ముందు పెట్టారు. చావు కబురు వింటే తలస్నానం చెయ్యాలి కదా. నేను చెయ్యనన్నాను. నీళ్ళు పోసుకుంటే నువ్వు పోయావని నేను ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను. మైల ఇంట్లో తిరుగుతోందని పక్కింటివాళ్ళు గొణిగారు. ఆయన నచ్చజెప్పారు. ఆ చెంబు నేను ముట్టలేదు.

రుక్కమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఉప్పెన అంటే ఏంది అని అడిగింది. సముద్రం లేచి ఊళ్ళ మీదికి రావడం అని చెప్పాను. ఆవిడ నా దగ్గరికి జరిగి మళ్ళీ అడిగింది.

"సముద్రం గూడ మత్తడి దుంకుతదా?"

దానికి మత్తడి ఉండదు, కట్టే ఉండదు అన్నాను. రుక్కమ్మ లేచి, ఆయన తోడి పెట్టిన నీళ్ళు చిక్కుడుపాదుకి పోసేసి చెంబు బోర్లించింది. "నీ అత్త ఖబరు అత్తనే చెప్పాలె. తారు చెప్తదా?" అంది. తారు అంటే ఇక్కడ తంతి. అత్తయ్యా, నన్ను చూసి నవ్విన మనిషి ఈవిడే.

డిసెంబరు రెండున నీ కార్డు వచ్చింది. అందరం క్షేమం. నీ చెయ్యే. కానీ తేదీ లేదు. తపాలా ముద్ర నీళ్ళకి అలుక్కుపోయింది. ముందే రాసి పెట్టిన కార్డని అందరికీ తెలుసు. బురదలో పెట్టె దొరికి ఉంటుంది, పుణ్యాత్ముడెవరో పోస్టు చేసి ఉంటాడు అని పెదనాన్న ట్రంకాల్లో అన్నారు. ఇంకా ఎన్నాళ్ళు స్నానం మానేస్తావు అని కోప్పడ్డారు. తేదీ లేకపోతే నువ్వు లేనట్టని నువ్వే రాశావు కదా. అయినా నేను ఒప్పుకోవడం లేదు. నువ్వు రాసిన నియమాన్ని నేను కొట్టేస్తున్నాను. ఏం చేస్తావో చెయ్యి.

ఫ్యాక్టరీ వాళ్ళు బియ్యం, దుప్పట్లు వేసుకుని లారీలో దివిసీమకి వస్తున్నారు. ఆయన కూడా వస్తున్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. లారీలో యాభై కార్డులు పెట్టాను. మైనం గుడ్డ పెట్టాను. రుక్కమ్మ తమ్ముడు రామన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, తన కొత్త మోకు తెచ్చి ఇచ్చాడు. మనిషి బరువు మోసే మోకు, నీళ్ళకి కుళ్ళదని చెప్పమన్నాడు.

నువ్వు తిడుతూ ఒక్క ముక్క రాయి. దానికి తేదీ వెయ్యి.

నాగేశ్వరి

*

గుల్లలంక

నాగీ,

అల్లుడుగారు నడుంలోతు బురదలో నడిచి వచ్చి, అత్తయ్యా అని పిలిచి, నా ఎదురుగా చతికిలబడ్డారు. నీ ఉత్తరం ఇచ్చారు. చదివాను. స్నానం చెయ్యకుండా ఇన్నాళ్ళు ఉన్నావా? వెళ్ళి శుభ్రంగా తలంటిపోసుకో. నేను పోయానని కాదు. మురికి వదలడానికి.

ఉత్తరం పైన తేదీ లేదేమిటని చూస్తున్నావు. వేస్తాను. ముందు ఆ కార్డు సంగతి చెప్పాలి.

శనివారం పొద్దుటి నుంచీ గాలి ఆగలేదు. పశువుల పలుపులు విప్పించేశాను. పెట్టె పైకెక్కించాం. మధ్యాహ్నానికి తాటాకు ఇళ్ళవాళ్ళని రమ్మని పిలిచాను. కొందరు వచ్చారు, కొందరు నవ్వారు. సాయంత్రం కాకుండానే నీళ్ళు వచ్చాయి. తాటిచెట్టు ఎత్తున వచ్చిందని ఇక్కడివాళ్ళు అంటున్నారు. నేను కొలవలేదు. డాబా పైమెట్టు దాకా వచ్చి అక్కడ ఆగింది. మోకు ఒక కొస పిట్టగోడకి కట్టాం. రెండో కొస మీ మామయ్య నడుముకి కట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ డాబాయాత్ర అని నన్ను వెక్కిరించినవాడు, ఆ రోజు నేను చెప్పకముందే కట్టుకున్నాడు. మూడుసార్లు నీళ్ళలోకి దిగాడు. మొదటిసారి ఇద్దరు పిల్లల్ని తెచ్చాడు. రెండోసారి ఒక ముసలమ్మని. మూడోసారి నిండు చూలాలిని. నాలుగోసారి, చాలురా, ఇక వద్దు అన్నాను. ఇంకొక్కళ్ళు వదినా, పిలుపు వినపడుతోంది అన్నాడు. మేం తాడు లాగితే తాడే వచ్చింది.

డాబా మీద ఇరవై మూడు మందిమి మిగిలాం. తడవకుండా ఉన్నవి పెట్టెలోని అగ్గిపెట్టెలూ, కార్డూ. నాలుగో రోజున సైన్యం వాళ్ళ పడవ వచ్చింది. ఉత్తరాలుంటే ఇవ్వమన్నారు. నేను నీ కార్డు తీశాను. పెన్సిలు తీశాను. తేదీ వెయ్యబోతే కింద రాసి ఉంది, "అందరం క్షేమం" అని. జూన్‌లో ఎంత ధీమాగా రాశానో. బుల్లిబాబు లేకుండా అందరం ఎలా అవుతాం? నా చేత్తో తేదీ వేస్తే ఆ అబద్ధం నిజమని సంతకం చేసినట్టు. వెయ్యలేకపోయాను. కార్డు మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

అది పోస్టు చేసింది రత్నమాల. నేను పిల్లలకి అటుకులు పంచుతుంటే తీసి పడవ వాళ్ళకి ఇచ్చేసింది. ఆమెకి చదువు రాదు. అందులో ఏం రాసి ఉందో తెలియదు. "నాగేశ్వరి ఎదురు చూస్తుంటది గదక్కా" అంది. మొగుణ్ణి పోగొట్టుకుని నాలుగు రోజులైన మనిషి, నువ్వు ఎదురు చూస్తుంటావని తలుచుకుంది. నేను తేదీ పట్టుకుని కూర్చున్నాను. నా నియమం నువ్వు కొట్టేశానన్నావు కదా, నీకన్నా ముందు ఆమె కొట్టేసింది. మంచిపని చేశారు ఇద్దరూ.

అధికారులు వచ్చి ఈ ఊరు వదిలి లోపలికి పొండి అంటున్నారు. నేను పోను. నిన్న అమావాస్య. నేను ఎవరినీ పిలవలేదు. పొద్దు వాలే వేళకి ఒక్కొక్కళ్ళే వచ్చి డాబా ఎక్కారు. మెట్లు సగం విరిగిపోయాయి, మీ రామన్న మోకు పట్టుకునే ఎక్కారు. ముసలమ్మని పైనుంచి లాగాం. ఎక్కాక పెట్టె చుట్టూ కూర్చున్నాం. అప్పుడు రత్నమాల, ఆయనుంటే ఇప్పుడు నవ్వించేవాడు అంది. అందరం ఏడ్చాం. ఏడ్చి, తలా ఒక కార్డు రాసుకున్నాం. రాయడం రానివాళ్ళకి నేను రాసి పెట్టాను. చదువు రాదన్న రత్నమాల చేత తేదీ అంకెలు మాత్రం దిద్దిస్తున్నాను. రేపు నేను లేకపోతే ఎవరు వేస్తారు?

నువ్వు కూడా రుక్కమ్మగారి వీధిలో అందరి చేతా రాయించు. నిచ్చెన చిక్కుడుపాదు నుంచి విడిపించు.

నీ కార్డు నేను కొత్తగా రాశాను. ఇక మీద "అందరం" అని రాయను, ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. పేర్లు రాస్తాను. బాలాత్రిపురసుందరి ఉంది. రత్నమాల ఉంది. తాటాకు ఇళ్ళ వాళ్ళు ఇరవై ఒక్కరు ఉన్నారు, వాళ్ళ పేర్లు వెనక వైపు రాశాను. చూలాలికి ఆడపిల్ల పుట్టింది, దాని పేరు ఇంకా పెట్టలేదు, అది కూడా ఉంది. బుల్లిబాబు లేడు.

ఇది నిజం. దీనికి నా చేత్తోనే తేదీ వేస్తున్నాను.

11-12-1977